గడ్డి అంచున వైరు

మైపాడు
14-7-2024

పెద్దమ్మకు కిషోర్ బాబు వందనాలు.

ఫోనులో నేను అరవడం, నీకు వినపడక నువ్వు కసురుకోవడం, ఈ గోలంతా ఎందుకని నువ్వు చెప్పినట్టే కాగితం తీసుకున్నాను. తప్పులు ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపవద్దు. ఇప్పుడు నేను నీ మూడో తరగతిలో లేను.

గెస్టుహౌసులో పని బాగానే ఉంది. ఐటిఐ చదివినందుకు లైట్లు, మోటార్లు అన్నీ నాకే అప్పగించారు. ఇప్పుడు ఓనరు గారు గడ్డి కోసే రోబో ఒకటి తెప్పించారు. మనిషి తోయక్కర్లేదు. మన ఒడ్డుకొచ్చే తాబేలంత ఉంటుంది. తనంతట తనే తిరుగుతూ కోస్తుంది, చార్జింగు అయిపోవస్తే తన గూటికి తనే పోతుంది. వాన పడితే గూట్లోంచి బయటికే రాదు. అది తిరుగుతుంటే చూడటానికి నెల్లూరు నుంచి వచ్చిన అతిథులు కాఫీలు చల్లారబెట్టుకుంటున్నారు.

కానీ ఎక్కడిదాకా పోవాలో దానికి తెలియాలి కదా. అందుకని గడ్డి అంచు పొడుగునా ఒక వైరు పరవాలి. ఆ పని నాది. మోకాళ్ల మీద నాలుగు రోజులు పాకాను. రెండు జానలకొక మేకు కొట్టాలి. మనది ఇసక నేల, సాయంత్రం దిగిన మేకు పొద్దున్నే పైకొస్తోంది. పొడుగు మేకులు తెప్పించి మళ్లీ కొట్టాను. వైరు రెండు కొసలూ గూటికి కలిపితే పచ్చలైటు వెలిగింది. మధ్యలో ఎక్కడ తెగినా ఎర్రలైటు వస్తుంది.

ఒక్కటే చిక్కు. మన పాలెం ఆడవాళ్లు చేపలకు పోయే కాలిదారి సరిగ్గా ఆ గడ్డిలోంచే పోతుంది. సముద్రం వైపు గోడ కట్టడానికి పర్మిషన్ రాలేదు. మేనేజరు గిరిబాబు గారు నేను మేకులు కొడుతుంటే వచ్చి నిలబడి, "ఈ వైరుతో మనకు రెండు పనులు జరిగిపోతాయి కిషోరూ" అన్నాడు. రెండోది ఏమిటో చెప్పలేదు.

పిచ్చమ్మత్త రోజూ నిన్ను అడుగుతుంది. బళ్లో నువ్వూ తనూ ఒకే పలక మీద రాసుకున్నారట కదా.

మందులు మానకు.
కిషోర్


గూడూరు
23-7-2024

నాయనా కిషోర్ బాబూ,

ప్రభువు నిన్ను కాపాడుగాక. నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

నేల మీద తీగ పరిచానని అంత సంబరంగా ఎలా రాశావు? మీ అబ్రహాము మామ ఎలా పోయాడో మరిచిపోయావా? అడవి పందుల కోసమని ఎవరో గట్టు మీద పరిచిన కరెంటు తీగ కాదా వాణ్ణి మింగింది? నిమ్మతోటకు నీళ్లు మళ్లించడానికని పోయినవాణ్ణి మంచం మీద మోసుకొచ్చారు. నా తమ్ముడి చెయ్యి పట్టుకుందామంటే ముందు కర్రతో ముట్టి చూడమన్నారు, అందరికీ అంత భయం. నీకప్పుడు ఆరేళ్లు. నాకు మాత్రం నిన్నటిలా ఉంది.

ఆ దారిన రోజూ నడిచేది మనవాళ్లు. ఉద్యోగం పోతే పోనీ, ఇంకోటి దొరుకుతుంది. ముందు ఆ తీగ తీసెయ్యి. తీశానని రాసేదాకా నాకు నిద్ర పట్టదు.

ఈ ఒక్కసారికి తప్పులు దిద్దలేదు.

పెద్దమ్మ రెబెక్కమ్మ


మైపాడు
2-8-2024

పెద్దమ్మా,

నువ్వు అనవసరంగా భయపడ్డావు. అది వేరు, ఇది వేరు. ఇంటి కరెంటును ఒక చిన్న పెట్టె బాగా దించి, పిల్లల బొమ్మలకు సరిపోయేంత చేసి ఆ వైరులోకి వదులుతుంది. అది యంత్రానికి ఇచ్చే సైగ మాత్రమే. వైరు దగ్గరికి రాగానే యంత్రం దాన్ని పసిగట్టి వెనక్కి తిరుగుతుంది, అంతే. తెగిన చోట రెండు కొసలూ ఉత్త చేతులతో పట్టుకుని కలిపింది నేనే. చీమ కుట్టినట్టు కూడా లేదు. పసిబిడ్డ దాని మీద పాకినా ఏమీ కాదు.

తెగిన చోట అన్నాను కదా, ఇప్పటికి మూడుసార్లు తెగింది. కర్రకు కట్టిన కొడవలితో కోశారు. ఎవరో నాకు తెలుసు, చెప్పను. అంతా ఆ బోర్డు వల్ల వచ్చింది. గిరిబాబు గారు దారి దగ్గర పుర్రె బొమ్మ వేయించి 'అపాయం' అని రాయించాడు. "సార్, దీంట్లో ఏమీ లేదు కదా" అంటే, "నువ్వేం చెప్పబాక. గోడ కట్టనియ్యలేదు, భయమైనా కట్టుకోనీ" అన్నాడు. ఆ బోర్డు పాతింది కూడా నేనేలే.

అప్పటి నుంచి ఆడవాళ్లు రోడ్డున చుట్టి పోతున్నారు. వాళ్లు చేరేసరికి పడవల దగ్గర వేలంపాట అయిపోతోంది, మంచి చేపంతా బండ్ల వాళ్లు ఎత్తుకుపోతున్నారు. పిచ్చమ్మత్త నన్ను ఆపి అడిగింది. "అబ్బయ్యా, నిజం చెప్పు, ఆ తీగలో కరెంటు ఉండాదా లేదా?" నేను గేటు వైపు చూసి, "జాగ్రత్తగా ఉండత్తా" అన్నాను. ఆమె మొహం నాకింకా కళ్ల ముందు ఆడుతోంది.

ఇదంతా నీ మనశ్శాంతి కోసం రాశాను. ఎవరికీ చెప్పకు.

కిషోర్


గూడూరు
4-9-2024

నాయనా కిషోర్ బాబూ,

నీ ఉత్తరం అందిన రోజు హాయిగా నిద్రపోయాను. మర్నాడు మాత్రం నీ మీద కోపం వచ్చింది. లేని భయాన్ని ఉందని చెప్పి ఆడవాళ్ల కడుపు కొడుతుంటే, నా చేతుల్లో పెరిగినవాడు బోర్డు పాతి ఊరుకుంటాడా?

మొన్న ఆదివారం పాలెంలో కృతజ్ఞతా కూడికకు పోయాను. నువ్వు అతిథులున్నారని రాలేదు. భోజనాల దగ్గర పిచ్చమ్మ నా పక్కనే కూర్చుంది. మనిషి చిక్కిపోయింది. కోడలు ఫేబీ చెబుతోంది, ఆ చుట్టుదారిన తట్ట మోసీ మోసీ మోకాళ్లు వాచాయట. నా నోరు ఆగలేదు. నువ్వు రాసినదంతా చెప్పేశాను. నాకు వినపడదు కదా, ఎంత గట్టిగా చెప్పానో తెలియదు. బంతిలో అందరూ తిరిగి చూశారు.

పిచ్చమ్మ నవ్విన నవ్వు నువ్వు చూడాల్సింది. ఎన్నాళ్లయిందో దాన్ని అలా చూసి. "రేపట్నించి పాత దారే" అంది. "దొంగలా పోవద్దు పిచ్చమ్మా, ఆ మేనేజరు ముందే తలెత్తుకుని నడువు" అన్నాను.

నీ పేరు చెప్పినందుకు నీకు కోపం రావచ్చు. అబద్ధానికి కాపలా ఉండమని మాత్రం నన్ను అడగకు.

పెద్దమ్మ


మైపాడు
17-9-2024

పెద్దమ్మా,

నువ్వు ఎంత పని చేశావో నీకు తెలియదు.

పదో తేదీన ఓనరు గారు స్నేహితులతో వచ్చి గడ్డిలో కుర్చీలు వేయించుకుని టిఫిన్ చేస్తున్నారు. పడవల దగ్గర్నుంచి తిరిగొస్తూ పిచ్చమ్మత్త, వెనక ఆరేడుగురు ఆడవాళ్లు తట్టలతో సరిగ్గా వాళ్ల మధ్యలోకి వచ్చారు. గిరిబాబు అడ్డం పోయాడు. అత్త తట్ట దించకుండానే, "ఏందయ్యా మేనేజరూ, నీ తీగలో ఏమీ లేదంటనే! మా కిషోరే చెప్పినాడు. ఇదో, తొక్కుతుండా చూడు" అని వైరు మీద కాలు పెట్టి నిలబడింది. అందరూ నవ్వారు. ఓనరు గారి స్నేహితులు కూడా నవ్వారు. ఓనరు గారు మాత్రం నవ్వలేదు.

సాయంత్రం గిరిబాబు నన్ను పిలిచాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "నీ తప్పేముందిలే కిషోరూ" అన్నాడు. కుర్చీ వేసి కూర్చోమన్నాడు. అదే నాకు నచ్చలేదు. ఇన్నాళ్లలో ఆయన నన్ను కూర్చోమనడం అదే మొదటిసారి.

ఇప్పుడు ఆడవాళ్లంతా పాత దారినే పోతున్నారు. ఆయన చూసీ చూడనట్టు ఊరుకుంటున్నాడు. బోర్డు కూడా తీయించేశాడు. యంత్రం రిపేరు నేర్చుకు రమ్మని నన్ను రెండు వారాలు చెన్నై పంపిస్తున్నారు, ఎల్లుండి ప్రయాణం. నిన్న ఎవరో కొత్త ఎలక్ట్రీషియన్ వచ్చాడు. షెడ్డులో తొడుగు లేని ఇనప తీగ చుట్ట ఒకటి దించాడు. ఎందుకని వాచ్‌మెన్ హజరత్తయ్యన్నను అడిగితే, "నాకేం తెలుసబ్బా, లైట్లకంట" అన్నాడు. లైట్లకు అలాంటి తీగ వాడరు. అయినా నేను ఇంకెవర్నీ అడగలేదు.

చెన్నై నుంచి వచ్చాక రాస్తాను.

కిషోర్


గూడూరు
29-9-2024

నాయనా,

నీ ఉత్తరం చదువుకుని ప్రార్థన చేసుకున్నాను. చూశావా, నిజం చెబితే ఏ నష్టమూ రాలేదు. మేనేజరు సిగ్గుపడ్డాడు, బోర్డు తీశాడు, నిన్ను చెన్నై పంపి పని నేర్పిస్తున్నాడు. మనుషులు మనమనుకున్నంత చెడ్డవాళ్లు కారు. నువ్వే చిన్నప్పటి నుంచి అంత. దీపం ఆరిస్తే మూలనున్న కుర్చీని చూసి ఏడ్చేవాడివి.

పిచ్చమ్మ నిన్న గూడూరు వచ్చి పోయింది. నెత్తళ్లు ఎండబెట్టి మూట కట్టి తెచ్చింది. వాపు తగ్గిందట. "నీ మాటతో నా మోకాళ్లు బతికినాయి రెబెక్కా" అంటే నేను పెదవులు చూసి తెలుసుకున్నాను. మనిషికి మళ్లీ బుగ్గలొచ్చాయి. నీ పెళ్లి ఎప్పుడని అడిగింది. నువ్వు వస్తే నెత్తళ్ల పులుసు పెడతాను.

పెద్దమ్మ


మైపాడు
18-10-2024

పెద్దమ్మా,

పిచ్చమ్మత్త సమాధికి నువ్వు వచ్చావని తెలిసింది. నేను రాలేకపోయాను. ఇక్కడ పని విడవలేదు, క్షమించు.

ఏం జరిగిందో నీకు ఎవరు ఏం చెప్పారో తెలియదు. సోమవారం తెల్లవారుజామున అత్త గడ్డిలోంచి పోతుంటే యంత్రం అడ్డం వచ్చి కాలికి తగిలింది. ఉలిక్కిపడి పడిపోయింది. గుండె ఆగిందని కాంపౌండరు చెప్పాడు. గిరిబాబు గారే కారులో ఇంటికి చేర్పించారు. బాధపడలేదట. వయసు మీద పడింది కదా.

నీ ఆరోగ్యం చూసుకో.

కిషోర్


గూడూరు
25-10-2024

కిషోర్ బాబూ,

పిచ్చమ్మకు స్నానం చేయించింది నేను. ఫేబీ నీళ్లు పోసింది. కుడి పాదం పక్కన చిటికెన వేలంత గీత ఉంది. మధ్యలో నల్లగా, అంచున తెల్లగా, కాల్చిన తోలులా. కత్తి తగిలిన గాయం అలా ఉండదు. నెత్తురు లేదు. నేను ఆ గీతను అంతకు ముందు ఒకసారి చూశాను, నా తమ్ముడి ఒంటి మీద.

ఫేబీ నా మొహం చూసి, "ఏంది పెద్దమ్మా?" అంది. నేను ఏమీ లేదన్నాను. నీ కోసం అన్నాను. ముప్పై ఏళ్లు పిల్లలకు అబద్ధం ఆడకూడదని చెప్పినదాన్ని, శవం దగ్గర కూర్చుని అబద్ధమాడాను.

సోమవారం తెల్లవారకముందే వాన మొదలైందని పాలెమంతా చెబుతోంది. నీ యంత్రం వానలో బయటికి రాదని మొదటి ఉత్తరంలో రాశావు. మరి ఆ చీకట్లో, వానలో గడ్డి కోస్తోందా?

అయితే నువ్వు నాతో ఎప్పుడు అబద్ధమాడావు? ఇప్పుడా, ఆగస్టులోనా? ఆ తీగలో మొదటి నుంచీ కరెంటు ఉందా? నా మనసు కుదుటపడాలని లేదన్నావా? ఆ మాటే నేను పిచ్చమ్మకు చెప్పాను. దాన్ని నమ్మే అది కాలు పెట్టింది.

జవాబు రాయి. నెమ్మదిగా, పూర్తిగా రాయి. నాకు కావలసింది ఓదార్పు కాదు.

రెబెక్కమ్మ


మైపాడు
3-11-2024

పెద్దమ్మా,

వారం రోజులుగా ఈ ఉత్తరం రాసి చింపుతున్నాను. ఆగస్టులో నిజమే రాశానని ఒక్క ముక్క రాస్తే నా మాట నిలబడుతుంది. కానీ మిగతాది కూడా రాయాలి, అది నీకు తగులుతుంది. ఆగస్టులోనే అబద్ధమాడానని ఒప్పేసుకుందామా అని కూడా అనుకున్నాను. పూర్తిగా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

నేను పరిచిన వైరులో ఏమీ లేదు, ఇప్పటికీ లేదు. అతిథుల ముందు అత్త దాని మీద కాలు పెట్టి నిలబడిన రోజు, ఓనరు గారు పోయాక, గిరిబాబు హజరత్తయ్యన్నతో అన్నాడట, "లేదని తెలిసిపోయింది కాబట్టే కదా నవ్వుతుండారు. ఉంటే నవ్వరు" అని. ఈ మాట హజరత్తయ్యన్నే నాకు తర్వాత చెప్పాడు. నన్ను చెన్నై పంపింది అందుకే. నేనుంటే ఒప్పుకోనని.

తిరిగొచ్చాక చూశాను. నా వైరుకు బెత్తెడు దూరంలో, గడ్డిలో దాగి, చిన్న గూటాల మీద ఇనప తీగ. నేరుగా మెయిన్ నుంచి ఇచ్చారు. "సార్, ఇది మనుషుల్ని చంపుతుంది" అన్నాను. "కుక్కల కోసమబ్బా. రాత్రి పూట వేస్తాం, అయిదింటికి హజరత్తయ్య ఆపేస్తాడు. వాళ్లొచ్చేది ఆరింటికి కదా" అన్నాడు. నేను లెక్క వేసుకున్నాను. గంట తేడా ఉంది, చాలులే అనుకున్నాను. ఐటిఐ చదివినవాణ్ణి, అబ్రహాము మామ మేనల్లుణ్ణి, చాలులే అనుకున్నాను. తొమ్మిది రోజులు పాలెం వైపు పోలేదు. పోతే చెప్పాల్సి వస్తుంది.

ఆ సోమవారం వాయుగుండం కబురు విని పడవలు తొందరగా ఒడ్డుకొచ్చేశాయి. అత్తకు ఎవరో చెప్పారు. నాలుగున్నరకే ఒక్కతే బయలుదేరింది. నేల తడిసి ఉంది. హజరత్తయ్యన్న కేక విని నేను పరిగెత్తాను. అన్న అప్పటికే మెయిన్ ఆపేశాడు. అత్త పక్కకు తిరిగి, తట్ట మీద చెయ్యి వేసి పడుకున్నట్టు ఉంది. గిరిబాబు వచ్చి ముందు తీగ చుట్టించాడు. ఆ తర్వాతే ఆమెను ఎత్తారు.

యంత్రం తగిలి గుండె ఆగిందని ఒక కాగితం రాసి సంతకం పెట్టమన్నాడు. "వైరు పరిచింది నువ్వు. ఊరంతా చూసినారు. కేసంటే నీదే" అన్నాడు. పెట్టాను. నీకు రాసిన ఉత్తరం ఆ కాగితం చూసి రాసిందే.

ఇనప తీగ ఇంకా షెడ్డులో ఉంది. నేను చూశానని ఆయనకు తెలుసు. రెండు రోజులుగా నా గది ముందు ఎవరో బీడీ కాలుస్తూ కూర్చుంటున్నాడు. పేరు అడిగితే చెప్పడు. ఈ ఉత్తరం హజరత్తయ్యన్న చేతికిచ్చి పోస్టు చేయిస్తున్నాను.

స్టేషనుకు పోవాలనుంది. కాళ్లు కదలడం లేదు.

కిషోర్


గూడూరు
8-11-2024

కిషోర్,

మూడుసార్లు చదివాను.

నా వంతు నాకు అర్థమైంది. పిచ్చమ్మకు నిజం చెప్పినందుకు నేను బాధపడను. కానీ మేనేజరు ముందు తలెత్తుకుని నడవమన్నాను చూడు, ఆ మాట దాని మోకాళ్ల కోసం అన్నది కాదు. నా గర్వం కోసం అన్నాను. దాని వల్ల ఏమవుతుందో ఆలోచించలేదు. అది నాది, నువ్వు మొయ్యక్కర్లేదు. తొమ్మిది రోజులు నోరు మూసుకున్నది నీది. అది నేను మొయ్యలేను. క్షమించానని రాయమంటే ఇవాళ నా చెయ్యి రాదు.

నిన్న పాలెం పోయి ఫేబీకి అంతా చెప్పాను. నీ ఉత్తరం చేతిలో పెట్టాను. ఆ పిల్ల చదివి మడిచి రవికలో పెట్టుకుంది. ఏడవలేదు. సోమవారం పొద్దున పది గంటలకు ఇందుకూరుపేట స్టేషను ముందు నేనూ ఫేబీ ఉంటాం. నువ్వు రాకపోతే మేమిద్దరమే లోపలికి పోతాం.

రెబెక్కమ్మ


మైపాడు
8-12-2024

పెద్దమ్మా,

ఆ రోజు స్టేషను దగ్గర నువ్వు నాతో ఒక్క మాటా అనలేదు. నేను ఎస్సై గారికి చెబుతున్నంతసేపూ గోడ వైపు చూస్తూ కూర్చున్నావు. తర్వాత జరిగినవి రాస్తున్నాను.

తాసిల్దారు గారి ఎదుట అత్తను సమాధిలోంచి పైకి తీశారు. డాక్టరు గారు పాదం మీది గుర్తు చూసి కరెంటేనని రాశారు. షెడ్డులో తీగ దొరికింది. హజరత్తయ్యన్న భయపడుతూనే వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. గిరిబాబునూ ఆ ఎలక్ట్రీషియన్‌నూ తీసుకుపోయారు. ఓనరు గారు తనకేమీ తెలియదన్నారు. ఆయన పేరు కాగితాల్లో లేదు, ఎక్కుతుందో లేదో తెలియదు. నా పేరు ఉంది. తెలిసి దాచినందుకు. కోర్టుకు తిరగాలి. ఉద్యోగం ఎటూ పోయింది. గెస్టుహౌసు మూసేశారు. యంత్రాన్ని ఎవరో వ్యానులో వేసుకుని పోయారు.

పోలీసులు ఫోటోలు తీసుకున్నాక నేను పరిచిన వైరు తీసెయ్యమన్నారు. ప్రతి మేకూ నేనే పీకాను. రెండు రోజులు పట్టింది. అయినా ఆడవాళ్లు చుట్టుదారినే పోతున్నారు. దారి బాగుందని నేను చెబితే ఎవరు నమ్ముతారు? మాట ఎత్తడానికే సిగ్గేసింది.

నిన్న ధైర్యం చేసి ఫేబీ అక్క ఇంటికి పోయాను. ఆమె చేపలు కడుగుతోంది. లోపలికి రమ్మనలేదు.

"అంతా తీసేశాను అక్కా" అన్నాను.

"అప్పుడు కూడా నువ్వు ఏమీ లేదనే కదా చెప్పినావు."

"అప్పుడు నిజంగానే లేదు."

"తెలుసు. చదివినా." చేతులు కడుక్కుని లేచింది. "రేపు పొద్దున రా. చెప్పులేసుకోబాక."

ఇవాళ తెల్లారుతుండగా పోయాను. పదిమంది ఆడవాళ్లు తట్టలతో గడ్డి అంచున వరసగా నిలబడి ఉన్నారు. కోసేవాళ్లు లేక గడ్డి మోకాళ్ల దాకా పెరిగింది. కింద ఏముందో కనపడదు. నేల మంచుకు తడిసి ఉంది.

ఫేబీ అక్క అంది, "నువ్వు ముందు నడువు. నీ అడుగు పడిన చోటే మా అడుగు పడతాది."

పీకింది నేనే. మెయిన్ దగ్గర ఫ్యూజులు లేవని నాకు తెలుసు. అయినా పెద్దమ్మా, మొదటి అడుగుకు కాలు లేవలేదు. గడ్డిలో నా పాదం నాకు కనపడటం లేదు. అత్త పడిపోయిన చోటుకు వచ్చేసరికి కళ్లు మూసుకుని అడుగు వేశాను. కింద చల్లగా తగిలింది. ఇసక.

గడ్డి దాటి అవతలికి పోయేదాకా వెనక్కి తిరగలేదు. తిరిగి చూస్తే వాళ్లు ఇంకా గడ్డి అంచునే ఉన్నారు, ఒక్కరూ కదల్లేదు. ఫేబీ అక్క నన్నే చూస్తోంది. తర్వాత చెయ్యెత్తి, ఇంకోసారి నడవమన్నట్టు చూపించింది.

నేను మళ్లీ మొదటి నుంచి నడిచాను.

కిషోర్